బాండు మీద ముందు పేరు

నాకు అరవై రెండో ఏడు వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. కళింగపట్నంలో ఎండు చేపల షెడ్డు ఒకటి, దాని ముందు చేపలు ఆరబెట్టే సిమెంటు కళ్ళం, రెండు కాటాలు. ఆమదాలవలసలో ముగ్గురు, పార్వతీపురంలో ఇద్దరు, ఒడిశా వైపు గుణుపురంలో ఒకడు, సరుకు ఎత్తే షాపుకారులు మొత్తం ఆరుగురు. బ్యాంకులో పదహారు లక్షల నలభై వేల రూపాయల డిపాజిట్. భార్య కూర్మమ్మ, ఆమె అరిగిపోయిన రెండు మోకాళ్ళు. ఒక్కడే కొడుకు, యుగంధర్.

షెడ్డు వానాకాలంలో తిండి పెట్టదు. షాపుకారులు అడగనిదే బాకీ తీర్చరు. కొడుకు సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది. ఇది నాది అని గట్టిగా చెప్పుకోగలిగింది ఆ డిపాజిట్ ఒక్కటే. కూర్మమ్మ మోకాళ్ళ ఆపరేషనూ, మా ఇద్దరి ముసలితనమూ అందులోనే ఉన్నాయి. బాండు మీద మాత్రం ముందు పేరు నా కొడుకుది, వెనక పేరు నాది.

అలా ఎందుకు రాయించానని లాయరు అడిగాడు, బ్యాంకు వాళ్ళు అడిగారు, చివరికి మా పాలేరు కూడా అడిగాడు. మా తీరంలో ఒక పద్ధతి ఉంది. పిల్లాడికి సంబంధం మాట్లాడేటప్పుడు ఆడపిల్ల తరపు పెద్దలు తండ్రి ఆస్తి అడగరు. తండ్రి పడవలో అన్నదమ్ములకి వాటాలుంటాయి, తండ్రి షెడ్డు మీద అప్పులుంటాయి. అందుకని "పిల్లడికి సొంతంగా ఏటున్నాది?" అని అడుగుతారు. పిల్లాడి పేరున ఏదో ఒకటి చూపించాలి. ఒకడు బావమరిది పడవ మీద కొడుకు పేరు రంగుతో రాయించి చూపిస్తాడు. ఇంకొకడు అద్దెకి తెచ్చిన ఇంజను చూపిస్తాడు. చూపించేవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. అయినా చూపించాలి, అయినా తల ఊపాలి.

నేను వాళ్ళకంటే తెలివైనవాణ్ణి అనుకున్నాను. సంబంధాలు చూడడానికి మూడు నెలల ముందు, అప్పటికి తొమ్మిది లక్షలున్న నా డిపాజిట్‌ని మార్పించి యుగంధర్ పేరు ముందు పెట్టించాను. విజయనగరం వైపు చింతపల్లి నుంచి నూకయ్య తన కూతురు కుసుమకుమారి సంబంధం మాట్లాడడానికి ఏడుగురు పెద్దలతో వచ్చినప్పుడు, ఆ బాండుని పళ్ళెంలో తమలపాకుల పక్కన పెట్టి అందరికీ తిప్పాను.

"ఇదంతా మావోడిదే బావా. నాకు ఇందులో పైసా సంబంధం లేదు" అన్నాను.

ఆ మాటకి నాకు పడిన ఖర్చే ఈ కథ.

పెళ్ళయింది. యుగంధర్‌కి పైడిభీమవరంలో మందుల కంపెనీలో ఉద్యోగం, షిఫ్టులు. కంపెనీ దగ్గర్లో రణస్థలంలో గది తీసుకుని ఉండేవాడు. ఆదివారం వచ్చి, అన్నం తిని, ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుని, సోమవారం వెళ్ళిపోయేవాడు. కోడలు తననీ తీసుకెళ్ళమని అడిగేది. వాడు "వచ్చే నెల" అనేవాడు. నాలుగేళ్ళ పాటు వాడికి వచ్చే నెల రాలేదు.

కుమారి ఊరికే కూర్చునే మనిషి కాదు. డిగ్రీ చదివింది. వచ్చిన నెలలోనే షెడ్డు దగ్గరికి వచ్చి, నేను గోడ మీద బొగ్గుతో రాసుకున్న లెక్కలు చూసి నవ్వింది. పొడుగు పుస్తకం ఒకటి కొని, ఎవరి దగ్గర ఎన్ని బస్తాల నెత్తళ్ళ చేప కొన్నాం, ఉప్పుకెంత, కూలికెంత, ఎవడు ఎంత బాకీ, బ్యాంకులో ఎంత కట్టాం, అన్నీ తేదీలతో రాయడం మొదలుపెట్టింది. గుణుపురం షాపుకారు రెండేళ్ళుగా నన్ను తూకంలో బస్తాకి కిలోన్నర చొప్పున కొడుతున్నాడని పట్టుకున్నది ఆమే. వాడి దగ్గర అరవై రెండు వేలు వెనక్కి రాబట్టింది కూడా ఆమే. ఆ నాలుగేళ్ళలో డిపాజిట్ తొమ్మిది నుంచి పదహారు దాటింది.

ఒక రోజు పొద్దున్నే లెక్కల పుస్తకం నా ముందు పెట్టి, "నాను మీ యింటికి కోడలిగా వచ్చినానా, మీ షెడ్డుకి గుమస్తాగా వచ్చినానా మావా?" అని అడిగింది. నేను ఆ పూట సరుకు తూచి ఇంటికి వచ్చేలోపు బస్సెక్కి చింతపల్లి వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలల తరువాత విజయనగరం కోర్టు నుంచి నోటీసు వచ్చింది. విడాకులు కావాలి, భరణంగా ఒకేసారి పన్నెండు లక్షలు కావాలి. భర్త దగ్గర పదహారు లక్షల నలభై వేల డిపాజిట్ ఉంది కనుక ఇవ్వగలడు. కేసు తేలేవరకు దాన్ని కదపకుండా ఆపాలి. ఇదీ నోటీసు సారాంశం.

నోటీసు, బాండు, రెండు కిలోల ఎండు నెత్తళ్ళు సంచిలో పెట్టుకుని శ్రీకాకుళంలో లాయరు గోవింద్ దగ్గరికి వెళ్ళాను. నెత్తళ్ళు ఆయనకి. ఫీజు కొంచెం తగ్గిస్తాడేమోనని.

"బాండు మీద ముందు పేరు మీవోడిది పెట్టినారేటి?" అన్నాడు గోవింద్.

"సంబంధం కోసం."

"ఆ మాట కోర్టులో సెప్తే అబద్ధమాడి పెళ్ళి సేసినారంటారు. సెప్పకపోతే డబ్బు మీవోడిదే అయిపోతాది."

"అయితే ఇప్పుడే బ్యాంకుకి పోయి తీసీమంటావేటి?"

"తీస్తే దాచీసినట్టే లెక్క. నోటీసు అందినాక దాన్ని కదిపితే జడ్జి గారికి మీ మీద నమ్మకం పోతాది. పైగా ఇద్దరూ సంతకం పెట్టకుండా గడువుకి ముందు బ్యాంకోళ్ళు ఇవ్వరు. మీ డబ్బు మీదేనని రుజువు సెయ్యాలి, అదొక్కటే దారి."

"నా డబ్బు నాదని సెప్పడానికి నీకు ఫీజు ఇవ్వాలా?"

"ఇవ్వాలి. ముప్పై అయిదు వేలు."

నెత్తళ్ళ వల్ల పైసా తగ్గలేదు.

రుజువులు తెమ్మన్నాడు. కట్టిన డబ్బంతా నగదు. సంతలో అమ్మిన చేపకి రసీదు ఎవడిస్తాడు? కుమారి రాకముందు లెక్కలన్నీ గోడ మీద ఉండేవి. ఆమె పుస్తకం పెట్టాక ఇక ఎందుకని ఆ గోడకి నేనే సున్నం వేయించాను. ఇక మిగిలింది ఆమె రాసిన నాలుగు పొడుగు పుస్తకాలు. వాటిని మోసుకెళ్ళి గోవింద్ బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పుతూ సంతోషపడ్డాడు. ఏ రోజు సరుకు డబ్బు ఏ రోజు బ్యాంకుకి వెళ్ళిందో పైసాతో సహా ఉంది.

"ఇంత సక్కటి లెక్క నా సర్వీసులో సూడలేదు. ఈ రాత ఎవులిది?"

"కోడలిది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గంగులు గారూ, మీ సాక్ష్యమంతా అవతలి పార్టీ సేతిరాతలో ఉన్నాది. అది నాది కాదు, ఉత్తుత్తినే రాసినాను అని ఆమె ఒక్క మాటంటే ఈ పుస్తకాలు పకోడీల పొట్లాలకి పనికొస్తాయి."

ఇంటికి వచ్చి యుగంధర్‌కి ఫోను చేశాను.

"డబ్బు నీది కాదని నువ్వైనా కోర్టులో సెప్పాలి కదరా."

"సెప్తాను. గాని నాను సెప్తే నమ్మరంట కదా నాన్నా. తప్పించుకోడానికి అలగే అంటారంట. అడిగింది ఇచ్చీ, గొడవ ఒదిలిపోతాది."

"ఇచ్చీనా? ఎవుడి డబ్బురా అది?"

"ఏమో, నా పేరు మీద ఉన్నాది కదా." వాడు వెటకారానికి కూడా అనలేదు. నిద్రమత్తులో అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను పెట్టేసి కళ్ళంలోకి వెళ్ళి, ఆరబెట్టిన చేపల్ని ఒకసారి తిరగేసినవాటినే మళ్ళీ తిరగేశాను.

కూర్మమ్మ గడప మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"దాన్నే అడగరాదేటి?" అంది.

"ఎవుల్ని?"

"కుమారిని. లెక్క రాసింది అది. ఎవులి డబ్బో దానికి తెల్దేటి?"

"కేసు ఏసినోళ్ళ కాడికి పోయి అడుక్కోమంటావా?"

"అడుక్కోకు. నా కాళ్ళు ఇలగే ఒగ్గీ. నువ్వు గోడకి సున్నం కొట్టుకో."

నేను వెళ్ళలేదు. చింతపల్లి గుమ్మం ఎక్కితే నా బేరం అక్కడే సగం పడిపోతుంది. అవతలివాడు అమ్మాలనుకున్నాడని తెలిస్తే ఏ సరుకైనా ధర దిగిపోతుంది. ఇలా లెక్క వేసుకుని రెండు నెలలు కూర్చున్నాను. ఈలోగా కోర్టు వాళ్ళు డిపాజిట్ కదపవద్దని ఆర్డరు వేశారు. నెత్తళ్ళ సీజన్ వచ్చింది. సరుకు కొనడానికి ఎప్పుడూ ఆ బాండు మీద అప్పు తీసుకునేవాణ్ణి, ఈసారి దొరకలేదు. పక్క షెడ్డువాడు కిలోకి నాలుగు రూపాయలు తక్కువకి మొత్తం ఎత్తేశాడు.

తరువాత జడ్జి గారు మమ్మల్ని మధ్యవర్తి దగ్గరికి పంపారు. ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరంలో దిగాను. కోర్టు వెనక చిన్న గది, పొడుగు బల్ల. మధ్యవర్తి నడివయసు మేడమ్. ఒక వైపు నేను, యుగంధర్, గోవింద్. మరో వైపు నూకయ్య, కుమారి, వాళ్ళ లాయరు. కుమారి కొంచెం చిక్కింది. నన్ను చూసి "బాగున్నారా మావా, అత్త మోకాళ్ళు ఎలగున్నాయి?" అంది. కేసు వేసిన మనిషి అలా అడుగుతుందని నేను సిద్ధపడి రాలేదు.

మేడమ్ డిపాజిట్ సంగతి ఎత్తగానే నూకయ్య లేచాడు.

"ఏడుగురు పెద్దల ముందు ఈయనే సెప్పినాడు మేడమ్. నాకు పైసా సంబంధం లేదు, అంతా మావోడిదే అన్నాడు. తమలపాకుల పక్కన పెట్టి మరీ సూపించినాడు. అవునా కాదా బావా?"

"అన్నాను."

"మరి ఇప్పుడు నాదంటావేటి?"

గోవింద్ నా చెయ్యి నొక్కాడు. నాకు ఓపిక అయిపోయింది.

"అబద్ధమాడినాను బావా. సంబంధంలో అందరూ ఆడే అబద్ధమే. ఆ రోజు నువ్వేటి సెప్పినావు? నాకు సొంత పడవున్నాది అన్నావు. ఆ పడవ ఎవులిది? నీ బామ్మర్దిది కాదేటి? దాని మీద నీ పేరు రంగు ఇంకా తడిగా ఉంటే నా సేతికి అంటుకున్నాది. నాను ఏటైనా అన్నానా?"

"పడవ సంగతి ఇప్పుడెందుకు?"

"బాండు సంగతి అయితే ఇప్పుడా?"

"పడవ మీద నీకు కేసేటైనా ఉన్నాదా?"

"వేస్తాను. రేపే వేస్తాను. లాయరున్నాడు, ముప్పై అయిదు వేలు ఇప్పటికే కట్టినాను."

మేడమ్ పెన్ను కింద పెట్టి నవ్వు ఆపుకుంది. యుగంధర్ ఫోను చూసుకుంటున్నాడు. అప్పుడు కుమారి, "నాన్నా, కూకో. మేడమ్, నాను మావతో బయట పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అని అడిగింది. వాళ్ళ లాయరు వద్దన్నాడు. ఆమె అప్పటికే లేచింది.

కోర్టు గేటు ఎదురుగా టీ బడ్డీ. రెండు టీలు చెప్పింది. డబ్బులు తనే ఇచ్చింది. అది చూసి నాకు భయం వేసింది. ముందుగా టీ కొనిచ్చే మనిషి దగ్గర పెద్ద బేరం ఉంటుంది.

"ఆ డబ్బు నీదే మావా. నాకు తెల్దా? ప్రతి రూపాయీ నా సేత్తోనే రాసినాను" అంది.

"మరి నోటీసులో అలగ రాయించినావేటి?"

"లాయరు రాసినాడు. ఇలగ రాస్తే గాని మీ ఆయన కదలడు అన్నాడు. ఆయన కదల్లేదు గాని నువ్వు కదిలినావు." టీ తాగింది. "మావా, ఒక మాట అడుగుతాను. పెళ్ళైన ఏడాది ఆయన ఒకసారి నన్ను రణస్థలం తీసికెళ్తానని గది కూడా సూసినాడు. గుర్తుందా?"

గుర్తుంది.

"అప్పుడు నువ్వేటి అన్నావు? నెత్తళ్ళ సీజన్ అయినాక ఎల్లండి, ఇప్పుడు లెక్కలు మధ్యలో ఉన్నాయి అన్నావు. మరుసటేడు మళ్ళీ అదే మాట. ఆయనకి అదే కావాలి. ఆయన మానీసినాడు, నువ్వు ఆపీసినావు. నీకు జీతం లేని గుమస్తా దొరికింది."

ఎవరైనా వేరే మనిషి ఆ మాట అంటే నేను నాలుగు అనేవాణ్ణి. ఆమె చెప్పిన రెండు సీజన్లూ పుస్తకంలో తేదీలతో ఉన్నాయి. ఆ రెండేళ్ళలో నేను బ్యాంకులో ఎంత కట్టానో కూడా ఉంది.

"ఏటి కావాలి నీకు?" అన్నాను.

"నీ కొడుకు దగ్గర రావాల్సింది నీ కొడుకు దగ్గరే తీసుకుంటాను. నాలుగు లచ్చలు. లోను తీసుకుంటాడో ఏటి సేస్తాడో ఆయనిష్టం. నీ డిపాజిట్‌లోంచి అది వద్దు. నీ దగ్గర రావాల్సింది నా కూలి. నెలకి ఎనిమిది వేలు, నలభై ఎనిమిది నెలలు."

"ఎనిమిది వేలా! మా ఇంట్లో తిండి తిన్లేదేటి?"

"తిన్నాను. వండింది ఎవులు? వంట కూలి కూడా కట్టీమంటావా?"

"అయిదు వేలు."

"శ్రీకాకుళంలో కొట్టు గుమస్తాకి తొమ్మిది ఇస్తన్నారు. గుణుపురపోడి దగ్గర నీకు తెచ్చిన అరవై రెండు వేలు నాను అడగడం లేదు సూడు."

"ఆరు."

"ఆరున్నర. ఇక దిగను."

"మధ్యలో రెండు నెలలు పుట్టింటికి ఎల్లినావు. అవి తీసీ."

ఆమె ఒక్క క్షణం లెక్క వేసింది. "తీసీసినాను. నలభై ఆరు నెలలు. రెండు లచ్చల తొంభై తొమ్మిది వేలు."

"తొంభై సేసుకుందాం. రౌండుగా ఉంటాది."

"రౌండు సెయ్యాలంటే పైకి సెయ్యి మావా, మూడు లచ్చలు సెయ్యి."

నేను రెండు తొంభై తొమ్మిది దగ్గరే ఆగిపోయాను. నలభై ఏళ్ళుగా బేరాలాడుతున్నాను. టీ కూడా అవతలి మనిషే కొని నన్ను ఓడించడం అదే మొదలు.

లోపలికి వెళ్ళి మేడమ్ ముందు ఆమె చెప్పింది చెప్పినట్టే రాయించింది. డిపాజిట్ మొత్తం మామగారిది, నాలుగేళ్ళ లెక్కలు తానే రాసింది కనుక తనకి తెలుసు, దానిలో భర్తకి వాటా లేదు, దాని మీద ఆర్డరు తీసేయాలి. తన పని కింద మామగారు రెండు లక్షల తొంభై తొమ్మిది వేలు ఇస్తారు. భర్త నాలుగు లక్షలు ఇస్తే ఇద్దరి ఒప్పందంతో విడాకులు. నూకయ్య "ఇంతేనా?" అన్నాడు. "లెక్క ఇంతే నాన్నా" అంది.

తిరుగు రైల్లో యుగంధర్ నా పక్కకి జరిగాడు.

"ఆ నాలుగు లచ్చలు నువ్వు ఇచ్చీ నాన్నా. మెల్లగా తీర్చీస్తాను."

"ఎప్పటినుంచి?"

"వచ్చే నెల నుంచి."

కొట్టడానికి చెయ్యి లేచింది. రైల్లో జనం ఉన్నారు. "లోను తీసుకో. ఒక్క రూపాయి ఇవ్వను" అన్నాను. వాడు కంపెనీ జీతం చూపించి లోను తీసుకున్నాడు. వాయిదా కట్టడానికి గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు రోజూ కళింగపట్నం నుంచి బస్సులో డ్యూటీకి వెళ్తున్నాడు. భార్య ఇంట్లో ఉన్న నాలుగేళ్ళూ దూరమైన ఊరు ఇప్పుడు దగ్గరైంది.

కోర్టు ఆర్డరు తీసేయించడానికి అయిదు వారాలు పట్టింది. బ్యాంకులో యుగంధర్ చేత సంతకం పెట్టించి పాత బాండు ముగించాను. గడువుకి ముందు తీసినందుకు వడ్డీలో పద్దెనిమిది వేల ఆరు వందలు కోశారు. కొత్త బాండు నా పేరునా, కూర్మమ్మ పేరునా తీశాను. కొడుకు పేరు నామినీగా రాయమంటారా అని గుమస్తా అడిగాడు. ఆలోచించి, రాయమన్నాను. నేనూ కూర్మమ్మా పోయాక వాడికి కాకపోతే ఎవరికి? బతికుండగా మాత్రం వాడి సంతకంతో పని లేదు.

కుమారి ఆ డబ్బుతో చింతపల్లిలో చిన్న షెడ్డు వేసింది. పోయిన నెల పార్వతీపురం షాపుకారు ఒకడు నా దగ్గర మానేసి ఆమె దగ్గర ఎత్తుతున్నాడు. బస్తా తూకం సరిగ్గా ఉంటోందంటాడు.

ఇక మొత్తం లెక్క. ఉన్నది పదహారు లక్షల నలభై వేలు. కుమారి కూలి రెండు లక్షల తొంభై తొమ్మిది వేలు. గోవింద్‌కి ముప్పై అయిదు వేలు. బ్యాంకు కోత పద్దెనిమిది వేల ఆరు వందలు. నిలిచింది పన్నెండు లక్షల ఎనభై ఏడు వేల నాలుగు వందలు. ఒక సీజన్ పోయింది, ఒక షాపుకారు పోయాడు, ఆమె చేసిన పనికి నేను పెట్టుకున్న గుమస్తాకి నెలకి తొమ్మిది వేలు పోతోంది, వాడి కూడికలు మళ్ళీ నేనే కూడుకోవాలి. కూర్మమ్మ కుడి మోకాలికి శ్రీకాకుళంలో తేదీ తీసుకున్నాం. ఎడమ కాలికి కూడా సరిపోతుంది. లాభం కింద రాయదగ్గవి ఆ రెండు మోకాళ్ళే.